బరువు తగ్గించే ఇంజెక్షన్ ఎవరికి?

(2026 జనవరిలో జరిగిన సొసైటీ వార్షిక సమావేశంలో వైద్య సహాయ కమిటీ సభ్యురాలు చేసిన ప్రసంగ పాఠం)



నేను వక్తను కాదు. ముప్ఫై ఏళ్లకు దగ్గరగా హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతున్న టీచర్ని. నలభై అయిదు నిమిషాల్లో బెల్ మోగితే ఆపేయడం అలవాటు. ఇక్కడ బెల్ లేదు కాబట్టి ఎక్కువైతే అధ్యక్షుల వారు చెయ్యి ఎత్తండి, ఆపేస్తాను.

పోయిన అక్టోబర్ నుంచి మన వైద్య సహాయ కమిటీ ముందు మూడు దరఖాస్తులు అలాగే ఉన్నాయి. డయాలసిస్‌కి, కంటి ఆపరేషన్‌కి, ప్రసవానికి దరఖాస్తు వస్తే మనకు లెక్క తెలుసు. పది నిమిషాల్లో సంతకాలైపోతాయి. ఈ మూడింటి మీద మాత్రం మూడు మీటింగులు జరిగాయి, మాటా మాటా పెరిగింది, ఒకసారి టీ చల్లారిపోయింది కూడా. మూడూ ఒకే రకం సహాయం అడిగినవి: బరువు తగ్గించే ఇంజెక్షన్. చివరికి పెద్దలు "మేడమ్, మీరు సైన్స్ టీచర్ కదా, చదివి చెప్పండి" అని నా మీద పెట్టారు. చదివాను. మన ఊరి డాక్టర్లు ఇద్దరిని అడిగాను. మీ డబ్బుతో జరిగే పని కాబట్టి కమిటీకి చెప్పే ముందు మీకు చెబుతున్నాను.

ముందు ఆ ముగ్గురి సంగతి. పేర్లు చెప్పను, ఊరు చిన్నది.

మొదటివాడు ఆటో డ్రైవర్, 52 ఏళ్లు. పదేళ్లుగా షుగర్. రెండేళ్ల క్రితం గుండెకు స్టెంట్ వేశారు. ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 88 కిలోలు. రెండో దరఖాస్తు ఒక తండ్రిది, కూతురి కోసం. అమ్మాయికి 24 ఏళ్లు, ఎత్తు 158, బరువు 61. ఏ జబ్బూ లేదు. సంబంధం వాళ్లు "కొంచెం సన్నబడితే బాగుంటుంది" అన్నారట. ఏప్రిల్‌లో నికాహ్. మూడో ఆమె బట్టలు కుట్టుకుని బతికే మనిషి, 38 ఏళ్లు, ఎత్తు 150, బరువు 94. బీపీ ఉంది, కొలెస్ట్రాల్ ఉంది. మోకాళ్ల నొప్పులతో మిషన్ తొక్కలేక మోటారు పెట్టించుకుంది. రాత్రి నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తుంది. పగలు మిషన్ మీదే కునికిపాట్లు పడుతుంది. సూది వేలిలో దిగిన రోజు కూడా ఉందని చెప్పింది.

కమిటీలో ఒక పెద్దాయన మూడూ కొట్టేయమన్నారు. "తిండి తగ్గించుకుంటే పోయేదానికి దాతల సొమ్మా?" అన్నారు. ఆయన మీద నాకు కోపం లేదు. నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను. క్లాసులో లావుపాటి పిల్లల్ని మిగతావాళ్లు ఏడిపిస్తుంటే ఆ పిల్లలకే "ఆటలాడమ్మా, చిప్స్ తినకు" అని నీతి చెప్పిన టీచర్ని నేను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

నా అభిప్రాయం ఎలా మారిందో దాచకుండా చెబుతాను. నా ఎత్తు 155, బరువు పోయిన ఏడాది 72. బీపీ ఉంది, షుగర్ గట్టు మీద ఉంది. జూలైలో ఒక క్లినిక్‌కి వెళితే అయిదు నిమిషాల్లో ఇంజెక్షన్ రాసి ఇచ్చారు. ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ క్యాన్సర్ ఉందా అని అడగలేదు, పిత్తాశయంలో రాళ్లున్నాయా అని అడగలేదు. అడగాల్సినవి అని నాకు తర్వాత చదివితే తెలిసింది. వారానికొకటి చొప్పున మూడు నెలలు వేసుకున్నాను. దాదాపు 50,000 రూపాయలు అయింది.

మొదటి రెండు వారాలు వికారం. ఎనిమిదో తరగతికి జీర్ణవ్యవస్థ చెబుతూ మధ్యలో బయటికి పరుగెత్తాను, పిల్లలు ఇప్పటికీ నవ్వుతారు. కానీ మూడో వారంలో జరిగినది వేరు. పొద్దున మూడో ఇడ్లీ వద్దనిపించింది. వద్దనుకోలేదు, గమనించండి, వద్దనిపించింది. స్టాఫ్ రూములో ఎవరో పుట్టినరోజు స్వీట్ పెట్టారు, సాయంత్రం దాకా అది నా బల్ల మీదే ఉంది, నాకు గుర్తు రాలేదు. యాభై ఏళ్లుగా నా తలలో ఒక రేడియో మోగుతూ ఉండేదని, అది అందరి తలల్లోనూ మోగుతుందని నేను అనుకునేదాన్నని, అది ఆగినప్పుడు తెలిసింది. సన్నగా ఉన్న మా చెల్లెలికి ఆ రేడియో ఎప్పుడూ లేదు. నేను దాన్ని ఆమె నిగ్రహం అనుకున్నాను.

ఆరు కిలోలు తగ్గాను. అక్టోబర్‌లో మానేశాను, ఎందుకంటే చిన్నవాడి కాలేజీ ఫీజు వచ్చింది. ఇప్పటికి మూడు కిలోలు తిరిగి వచ్చాయి. రేడియో కూడా వచ్చింది.

ఈ మందు ఎలా పనిచేస్తుందో రెండు మాటల్లో చెబుతాను, ఇది నా సబ్జెక్ట్. మనం అన్నం తినగానే పేగులు జీఎల్‌పీ-1 అనే హార్మోన్ విడుదల చేస్తాయి. అది క్లోమానికి "ఇన్సులిన్ పంపు" అని చెబుతుంది, కడుపుకి "నెమ్మదిగా ఖాళీ అవ్వు" అని చెబుతుంది, మెదడుకి "చాలు" అని చెబుతుంది. చెప్పిన నిమిషాల్లోనే అది కరిగిపోతుంది. అమెరికా ఎడారుల్లో గిలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి ఉంది. దాని విషంలో ఇలాంటిదే, కానీ తొందరగా కరగని పదార్థం దొరికింది. దాని ఆధారంగా 2005లో షుగర్‌కి మొదటి మందు వచ్చింది. తర్వాత వారం రోజులు నిలిచే సెమాగ్లుటైడ్ వచ్చింది. షుగర్‌కి ఓజెంపిక్ పేరుతో 2017లో, బరువుకి వెగోవీ పేరుతో 2021లో అమెరికాలో అనుమతి పొందింది. ఆ తర్వాత రెండు హార్మోన్ల పని చేసే టిర్జెపటైడ్ వచ్చింది, మౌంజారో అంటున్నది అదే. ఒక ఆపా నన్ను అడిగింది, "బల్లి విషమా అందులో?" అని. లేదు. సెమాగ్లుటైడ్‌ని ఈస్ట్ కణాల సాయంతో, టిర్జెపటైడ్‌ని రసాయన పద్ధతిలో తయారు చేస్తారు. బల్లి దారి చూపించింది, అంతే.

పనిచేస్తుందా అంటే, చేస్తుంది. 2021లో వచ్చిన పెద్ద పరీక్షలో 1,961 మంది ఉన్నారు. 68 వారాలకు సెమాగ్లుటైడ్ వేసుకున్నవాళ్లు సగటున 14.9 శాతం బరువు తగ్గారు, ఉత్తుత్తి సూది వేసుకున్నవాళ్లు 2.4 శాతం. ఇద్దరికీ ఆహారం, వ్యాయామం గురించి ఒకే సలహా ఇచ్చారు. అంటే కమిటీ పెద్దాయన చెప్పిన "తిండి తగ్గించుకో" అనే మాట ఒక్కటే ఎంత పనిచేస్తుందో ఆ రెండో అంకె చెబుతుంది. అదే పరీక్షలో కొంతమందిని మందు ఆపాక ఏడాది పాటు చూశారు. తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. నా ఒక్కదానికే కాదన్నమాట. ఈ రెండు సంగతులూ కలిపి గుర్తుంచుకోండి, మళ్లీ అవసరమవుతాయి.

ఇక అర్హత. ప్రపంచమంతా అర్హతను బీఎంఐ అనే అంకెతో కొలుస్తోంది. కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగించాలి. మందు డబ్బా మీద ఉండే నియమం ఏమిటంటే 30 లేదా అంతకు మించి ఉండాలి, లేదా 27 దాటి బరువు వల్ల వచ్చే జబ్బు ఒకటైనా ఉండాలి. నా లెక్క బోర్డు మీద వేస్తే 29.97 వచ్చింది. క్లినిక్ వాళ్లు 30 అని రాశారు. బీపీ ఉంది కాబట్టి 27 చాలు, ఆ సవరణ అవసరమే లేదు, అయినా రాశారు. ఒక గ్లాసు మజ్జిగ తాగి తూచుకుంటే 30 దాటే మనిషి, తాగకపోతే దాటదు. మన దగ్గర జకాత్‌కి నిసాబ్ ఉంది, గీత ఎక్కడో గీయక తప్పదు, ఒప్పుకుంటాను. కానీ ఏ గీత దేన్ని కొలుస్తోందో తెలుసుకోవాలి.

ఈ సూత్రం బెల్జియంకి చెందిన కెతెలే అనే గణిత, ఖగోళ శాస్త్రజ్ఞుడు 1830లలో జనాభా సగటుల కోసం కనిపెట్టాడు. ఆయన డాక్టర్ కాదు. ఒక మనిషికి వైద్యం చేయాలా వద్దా తేల్చడానికి ఆయన దాన్ని తయారు చేయలేదు. పైగా కొలిచింది యూరప్ వాళ్లను. మన సంగతి వేరని చెప్పడానికి ఒక ఫోటో ఉంది. పుణేలోని డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడిన ఫోటో. 2004లో లాన్సెట్ పత్రికలో వేశారు. ఇద్దరి బీఎంఐ అచ్చంగా ఒకటే, 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. సన్నగా కనిపిస్తాం, పొట్టలో దాచుకుంటాం. అందుకే 2009లో మన దేశపు నిపుణులు కూర్చుని, భారతీయులకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం అని నిర్ణయించారు. నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదన్నారు. ఈ సభలో టేపు పట్టుకుని తిరిగితే ఎంతమంది కుర్చీ వదిలి పారిపోతారో నాకు తెలుసు, ముందుగా నేనే.

మన రెండు రాష్ట్రాల సంగతి కూడా చూద్దాం. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో బీఎంఐ 25 దాటిన ఆడవాళ్లు దేశంలో 24 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం. భారతీయ గీత పెట్టుకుని అందరికీ ఇంజెక్షన్ ఇస్తామంటే ప్రతి మూడో ఇంటికీ ఇవ్వాలి. ఏ సొసైటీ వల్లా కాదు, ఏ ప్రభుత్వం వల్లా కాదు.

ఇంగ్లండ్ వల్ల అవుతుందా అని చూశాను, ఎందుకంటే అక్కడ ప్రభుత్వమే ఉచితంగా వైద్యం చేస్తుంది. వాళ్లు ఏం చేశారో కొంచెం వివరంగా చెప్పాలి, మనకు పనికొచ్చే పాఠం ఉంది. అక్కడ ఏ మందుకు ప్రజల సొమ్ము పెట్టాలో తేల్చే సంస్థ నైస్. అది 2024 డిసెంబర్‌లో టిర్జెపటైడ్ ఎవరికి ఇవ్వొచ్చో చెప్పింది: బీఎంఐ 35 లేదా పైన ఉండి, బరువు వల్ల వచ్చిన జబ్బు ఒకటైనా ఉన్నవాళ్లకు. అలాంటివాళ్లు 34 లక్షల మంది ఉంటారని లెక్క తేలింది. అందరికీ ఒకేసారి మొదలుపెడితే ఊరి డాక్టర్లకు వేరే రోగుల్ని చూసే తీరిక ఉండదు. అందుకని వరస పెట్టారు. 2025 జూన్ 23న మొదలుపెట్టి మొదటి మూడేళ్లలో సుమారు 2,20,000 మందికి అన్నారు. మొదటి ఏడాది బీఎంఐ 40 లేదా పైన ఉండి, అయిదు జబ్బుల్లో కనీసం నాలుగు ఉన్నవాళ్లకు. ఆ అయిదు: షుగర్, బీపీ, గుండె జబ్బు, కొలెస్ట్రాల్, నిద్రలో ఊపిరి ఆగడం. దక్షిణాసియా మూలాలున్నవాళ్లకు ఆ 40ని 37.5కి దించారు. మన శరీరం వేరని లండన్ ఒప్పుకుంది, మన క్లినిక్‌లు ఇంకా 30 దగ్గరే ఆగాయి.

ఇప్పుడు మన టైలరమ్మను ఆ తక్కెడలో పెట్టండి. 94 కిలోలు, 150 సెంటీమీటర్లు, బీఎంఐ 41.8. బీపీ, కొలెస్ట్రాల్, నిద్రలో ఊపిరి ఆగడం. మూడు జబ్బులు. నాలుగోది లేదు. ఆమె ఇంగ్లండ్‌లో ఉన్నా మొదటి ఏడాది దొరకదు, రెండో ఏడాది దొరకదు. మూడు జబ్బులవాళ్ల వంతు వచ్చేది మూడో ఏడాది. షుగర్ వచ్చేదాకా ఆగితే ముందు దొరుకుతుంది. జబ్బు ముదిరితేనే తలుపు తెరిచే పద్ధతి నాకు నచ్చలేదు. కానీ వాళ్లు ఒక పని చేశారు, నేను మెచ్చుకుంటాను: ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది కాగితం మీద రాసి అందరికీ చూపించారు. అక్కడ కూడా డబ్బున్నవాళ్లు బయట కొనుక్కుంటున్నారు. అది వేరే వరస.

మన దేశంలో వరస ఒక్కటే, జేబు. మౌంజారో 2025 మార్చిలో వచ్చినప్పుడు 2.5 మిల్లీగ్రాముల సీసా 3,500, 5 మిల్లీగ్రాములది 4,375 రూపాయలు. నెలకు నాలుగు కావాలి. వెగోవీ జూన్‌లో వచ్చింది, నవంబర్‌లో ధర తగ్గించారు. ఓజెంపిక్ పోయిన నెలలో వచ్చింది, మొదటి మోతాదు వారానికి 2,200. అన్నిటికన్నా తక్కువ అదే, అయినా నెలకు 8,800, ఏడాదికి లక్ష దాటుతుంది. ఆరోగ్య బీమా ఉంది కదా అంటారేమో. బీమా నియమాల్లో బరువు తగ్గించే ఆపరేషన్‌కి మాత్రమే, అదీ బీఎంఐ 40 దాటితే, లేదా 35 దాటి తీవ్రమైన జబ్బులు ఉంటే, దారి ఉంది. కడుపు కోయించుకుంటే ఇస్తారు, సూదికి ఇవ్వరు. అందువల్ల ఈ ఊళ్లో ఇప్పుడు ఈ ఇంజెక్షన్ వేసుకుంటున్నవాళ్లలో నాలాంటి గవర్నమెంట్ టీచర్లు, వ్యాపారస్తులు, గల్ఫ్ నుంచి కొడుకు డబ్బు పంపేవాళ్లు ఉన్నారు. అర్హత నాకు డాక్టర్ ఇవ్వలేదు, నా జీతం ఇచ్చింది. ఆటో డ్రైవర్‌కి నాకన్నా పదిరెట్లు అవసరం. ఆయనకు లేనిది అది ఒక్కటే.

మరో విషయం, ఈ మార్చిలో మన దేశంలో సెమాగ్లుటైడ్ పేటెంట్ గడువు తీరిపోతుంది. మన హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్‌తో సహా చాలా కంపెనీలు తయారీకి సిద్ధమవుతున్నాయి. ధర తగ్గుతుందని అందరూ ఎదురు చూస్తున్నారు, నేనూ చూస్తున్నాను. కానీ ధర తగ్గితే సగం సమస్యే తీరుతుంది. రెండో సగం పెరుగుతుంది కూడా. ప్రతి మెడికల్ షాపు, ప్రతి బ్యూటీ పార్లర్ పక్కన క్లినిక్ దీన్ని అమ్మడం మొదలుపెడితే, ఆ 61 కిలోల అమ్మాయి తండ్రి మన దగ్గరికి రానే రాడు, నేరుగా కొంటాడు.

ఆ అమ్మాయి గురించి చెప్పాలి. నాకు ముగ్గురిలో ఎక్కువ నిద్ర పట్టనివ్వనిది ఆమె సంగతే. బీఎంఐ 24.4. భారతీయ గీత ప్రకారం 23 దాటింది, అధిక బరువే అని ఒకరు వాదించారు. నిజమే, కానీ మందుకు గీత అది కాదు. ఏ జబ్బూ లేకుండా బీఎంఐ 30 లోపు ఉన్న మనిషికి ఆ నియమం ప్రకారం ఈ మందు రాదు. పైగా ఎవరూ ఆలోచించని విషయం ఒకటుంది. గర్భం దాల్చాలనుకునేవాళ్లు సెమాగ్లుటైడ్‌ను కనీసం రెండు నెలల ముందు ఆపాలి. టిర్జెపటైడ్ అయితే గర్భం రాకుండా వేసుకునే మాత్రల పనిని కూడా తగ్గించగలదు. ఏప్రిల్‌లో నికాహ్. మార్చి దాకా సూదులు, మే నెలలో అత్తగారు "ఏమన్నా విశేషమా" అని అడగడం మొదలుపెడుతుంది. మరి ఆ అమ్మాయి ఎవరితో చెప్పుకుంటుంది? మందు ఆపాక బరువు తిరిగి వస్తే, సన్నబడితే బాగుంటుందన్నవాళ్లు అప్పుడేమంటారు? ఆ ఇంటికి వెళ్లి మాట్లాడాను. తండ్రి గదిలో ఉన్నంతసేపు అమ్మాయి మాట్లాడలేదు. వంటింట్లో మాత్రం, "టీచర్, నాకు సూదులంటే భయం, మీరే వద్దనండి" అంది. నా దగ్గర చదువుకున్న పిల్లే. వద్దన్నాను. నాన్నగారు మొహం చిన్నబుచ్చుకున్నారు. ఈ సభలో వారు ఉంటే నన్ను మన్నించాలి.

అందానికి వాడేవాళ్ల వల్ల అసలు రోగులకు మందు దొరకకుండా పోవడం ఊహించి చెబుతున్నది కాదు. 2022 నుంచి రెండు మూడేళ్లు ప్రపంచమంతా కొరత. 2023లో బ్రిటన్ ఆరోగ్య శాఖ, షుగర్ కోసం ఉన్న ఈ మందులను బరువు కోసం రాయొద్దని డాక్టర్లకు హెచ్చరిక పంపింది. అదే అదనుగా నకిలీలు వచ్చాయి. 2024 జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నకిలీ ఓజెంపిక్ మీద హెచ్చరిక జారీ చేసింది. వాట్సాప్‌లో ఎవరో "సగం ధరకే" అని పెడితే తీసుకోకండి.

కొందరు పదిహేనేళ్ల కొడుకుల గురించి కూడా అడిగారు. మన నిధి నుంచి పిల్లలకు వద్దు. అది పిల్లల డాక్టరు, తల్లిదండ్రులు కూర్చుని తేల్చుకోవలసిన విషయం, కమిటీది కాదు.

మరి ఎవరికి? నా లెక్క చెబుతాను. బరువు ఎంత అని కాదు, ఆ బరువు మనిషికి ఏం చేస్తోంది అని అడగాలి. ఇది నా సొంత తెలివి కాదు. 2025 జనవరిలో లాన్సెట్ పత్రిక కూర్చోబెట్టిన నిపుణుల సంఘం ఇదే చెప్పింది: అవయవాలు దెబ్బతిన్న, రోజువారీ పనికి అడ్డొస్తున్న స్థూలకాయం ఒక రకం, ఇంకా ఏ హానీ చేయనిది మరో రకం. రెండింటికీ ఒకే వైద్యం కాదు. 2025 సెప్టెంబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ మందులను అత్యవసర మందుల జాబితాలో చేర్చింది, కానీ అందరికీ కాదు. షుగర్ ఉండి, గుండె లేదా కిడ్నీ జబ్బు కూడా ఉండి, బీఎంఐ 30 దాటినవాళ్లకు. మన ఆటో డ్రైవర్ బీఎంఐ 31.2, షుగర్ ఉంది, స్టెంట్ ఉంది. జాబితా ఆయన్ని చూసి రాసినట్టుంది. ఈయనకు తగ్గాల్సింది కిలోలు కూడా కాదు, రెండో హార్ట్ ఎటాక్. షుగర్ లేని గుండె రోగులు 17,604 మంది మీద చేసిన పరీక్ష 2023లో వచ్చింది, గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బుతో మరణం కలిపి 20 శాతం తగ్గాయి. షుగర్ ఉన్నవాళ్లలో కూడా మేలు కనిపించిందని అంతకు ముందు, 2016 పరీక్షలోనే తేలింది. ఆయన పడిపోతే ఆ ఇంట్లో నలుగురు ఆగిపోతారు.

టైలరమ్మ ఆ జాబితాలో పట్టదు, షుగర్ లేదు కాబట్టి. అయినా నేను ఆమెను వదలను. నిద్రలో ఊపిరి ఆగే జబ్బుకి, స్థూలకాయం ఉన్నవాళ్లకు, టిర్జెపటైడ్‌ని అమెరికా 2024 డిసెంబర్‌లో అనుమతించింది. ఆమె మోకాలు, ఊపిరి, పని మూడూ బరువు కిందే నలుగుతున్నాయి.

ఇక్కడ కమిటీ పెద్దాయన వేసిన రెండో ప్రశ్నకు నేను ఇప్పటికీ తడబడుతున్నాను. "ఆపితే తిరిగి వస్తుందంటున్నారు. మరి ఎన్నేళ్లు ఇస్తాం?" అన్నారు. కంటి ఆపరేషన్‌కి ఒక్కసారి ఇస్తాం, అయిపోతుంది. ఇది నెలనెలా కట్టే అద్దె లాంటిది. ఒకరికి ఏడాది ఇంజెక్షన్లకయ్యే డబ్బుతో షుగర్ ఉన్న పేదవాళ్లు ఎంతమందికి ఇన్సులిన్, మాత్రలు కొనొచ్చో మనకు తెలుసు. ఈ మాటను నేను కొట్టిపారేయలేను. అందుకే ఈ ఇంజెక్షన్ డబ్బు ఇన్సులిన్ నిధిలోంచి, డయాలసిస్ నిధిలోంచి ఒక్క రూపాయి కూడా తీయకూడదన్నది నా మొదటి షరతు. దీని కోసమే ఇచ్చే దాతలు ఉంటే వేరుగా పెట్టాలి. జకాత్ డబ్బు ఇందులో వాడొచ్చా లేదా అన్నది ముఫ్తీ సాహెబ్‌ని అడిగి రాతపూర్వకంగా తీసుకుందాం, అది టీచర్ చెప్పే విషయం కాదు. రెండో షరతు, మధ్యలో ఆపాల్సి వచ్చేది మొదలుపెట్టొద్దు. కనీసం ఏడాదికి సరిపడా డబ్బు చేతిలో ఉంటేనే ఒక మనిషికి మొదలుపెట్టాలి. నెలనెలా అడుక్కుని ఇస్తే నాకు జరిగినదే వాళ్లకు జరుగుతుంది, నేను ఫీజు కట్టుకున్నాను, వాళ్లు ఆశ పోగొట్టుకుంటారు.

ఇంకో సంగతి, రంజాన్ ఫిబ్రవరిలోనే వస్తోంది. సెమాగ్లుటైడ్ మోతాదు 0.25తో మొదలుపెట్టి నాలుగేసి వారాలకు పెంచుకుంటూ పోతారు. పెంచినప్పుడల్లా వికారం, వాంతులు వస్తాయి. ఆ సమయంలో రోజా ఉంటే ఒంట్లో నీరు తగ్గిపోతుంది. ఇన్సులిన్ లేదా కొన్ని రకాల షుగర్ మాత్రలు కూడా వాడుతుంటే షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి ఎవరికి మంజూరైనా ఈద్ తర్వాతే మొదలుపెట్టడం మంచిదని డాక్టర్లిద్దరూ అన్నారు. అప్పటికి కొత్త ధరలు కూడా తెలుస్తాయి. ఈద్ షీర్ ఖుర్మా తర్వాత అన్నమాట, అది కూడా కలిసొచ్చింది.

ఆటో డ్రైవర్ విషయంలో కమిటీ దాదాపు ఒప్పుకుంది. ఆయన డాక్టర్ చీటీ తెచ్చి, పిత్తాశయం, కళ్లు, కిడ్నీ పరీక్షలు చేయించుకుంటే చాలు, ఆ పరీక్షలకు డబ్బు ఇప్పటికే ఇచ్చాం. టైలరమ్మ మీద ఓట్లు సమానంగా ఉన్నాయి. వచ్చే నెల మీటింగులో తేలుతుంది. దాతల్లో ఎవరికైనా ఇటో అటో చెప్పాలని ఉంటే ఆఫీసులో కాగితం మీద రాసి ఇవ్వండి, చదివి వినిపిస్తాను. ఆమెకు నిన్న ఫోన్ చేసి, ఇంకా తేలలేదమ్మా అని చెప్పాను. ఆమె బాధపడలేదు. ఒక్కటే అడిగింది. "టీచర్ గారూ, ఆ మందు చల్లగా ఉంచాలంట కదా. మా ఇంట్లో ఫ్రిజ్ లేదు, రేకుల షెడ్డు, ఏప్రిల్ వస్తే నిప్పుల కొలిమి. ఎదురింటి వదినను అడిగాను, వాళ్ల ఫ్రిజ్‌లో గుడ్ల అరలో పెట్టుకోమంది. పనికొస్తుందా?"

రెండు నుంచి ఎనిమిది డిగ్రీల్లో ఉంటే పనికొస్తుంది, మంచు పెట్టె పక్కన మాత్రం పెట్టొద్దు, కరెంటు పోతే తలుపు తీయొద్దని చెప్పాను.

సెలవు.